సైకిళ్ళపై మనాలి నుండి లేహ్‌కు

హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలికీ లడాఖ్‌లోని లేహ్‌కూ నడుమ రోహ్తాంగ్ మీదుగా సాగే రహదారి పొడవు సుమారు 470 కిలోమీటర్లు. మైదాన ప్రాంతంలో అయితే అది ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఇక్కడ మాత్రం దారి అయిదు కనుమలను ఎక్కి దిగవలసి ఉంటుంది. వాటిలో మొదటిదైన రోహ్తాంగ్ సముద్రమట్టానికి 3,978 మీటర్ల ఎత్తున ఉండగా, చివరిదైన తంగ్లాంగ్ లా 5,300 మీటర్లను మించుతుంది. శీతకాలమంతా మంచు ఈ కనుమలను మూసివేస్తుంది. 2019 జులైలో మేమూ మా శ్రీమతీ కలిసి ఈ దారిని సైకిళ్ళపై దాటాము. 2020 అక్టోబరు 3న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమైనది మొదలు వాహనాలు రోహ్తాంగ్ ఎక్కకుండానే లాహౌల్ లోయకు చేరుతున్నాయి. మేము వెళ్ళినది అంతకు మునుపటి దారి.

ప్రయాణానికి ముందు ఆరు నెలలపాటు ప్రతి ఆదివారమూ సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగాము. కాళ్ళు అలవాటుపడ్డాయి. కానీ పలుచని గాలికి సముద్రతీరంలో అభ్యాసం ఎక్కడ దొరుకుతుంది? తంగ్లాంగ్ లా వద్ద గాలి పీడనం విశాఖపట్నంలో ఉండే పీడనంలో సగానికి కొంచెం ఎక్కువ. అందుచేత బండ్ల ఎంపికలో వేగాన్ని పూర్తిగా విడిచిపెట్టాము. ముందు పళ్ళచక్రానికి 22 పళ్ళు, వెనుక చక్రానికి 34 పళ్ళు ఉండే అమరికలో పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి కదిలేది 1.36 మీటర్లే. నిమిషానికి 50 చుట్లు తొక్కితే గంటకు నాలుగు కిలోమీటర్లు. అంటే నడకతో సమానం. మా శ్రీమతి ఈ లెక్క చూసి, “నడిచేవాళ్ళకు సామాను మోసే బండి ఉన్నట్లు అనుకుందాం” అన్నది.

రోహ్తాంగ్ దాటగానే ప్రకృతి మారిపోతుంది. దేవదారు అడవులు, వానమబ్బులు వెనుకబడి, ఎండిన కొండల నడుమ బఠాణీ, బంగాళాదుంప చేలు కనిపిస్తాయి. తాండీ వద్ద చంద్రా, భాగా నదులు కలుస్తాయి. రెండూ బారాలాచా కనుమకు చెరొక వైపున పుట్టి, వేర్వేరు లోయలు తిరిగి వచ్చి ఇక్కడ ఒక్కటై చంద్రభాగ అవుతున్నాయి. మనం చీనాబ్ అని పిలిచే నది అదే. ఆ రోజుల్లో తాండీ పెట్రోలు బంకు దగ్గర, మరొక బంకు 365 కిలోమీటర్ల తరువాతనే ఉన్నదని తెలిపే పలక ఉండేది. మా బండ్లకు ఆ చింత లేకపోయినా, అక్కడే ఆగి కడుపునిండా టీ తాగాము.

మా శ్రీమతి పాఠశాలలో లెక్కలు బోధిస్తుంది. ప్రాణవాయువు చాలనప్పుడు ఆలోచన మందగిస్తుందనీ, ఆ సంగతి మందగించినవారికి తెలియకపోవచ్చుననీ ఆమె చదివి ఉన్నది. అందువల్ల కేలాంగ్ నుండి ఒక నియమం పెట్టింది. ప్రతి సాయంకాలమూ ఇద్దరమూ ఒకరికొకరు ఒక్కొక్క ఎక్కం అప్పజెప్పాలి. కేలాంగ్‌లో ఒక రోజు విశ్రమించి, జిస్పా, పట్సేవ్ మజిలీల మీదుగా ఏడవ రోజున జింగ్ జింగ్ బార్ చేరాము. అది బారాలాచాకు ఇవతల, సుమారు 4,270 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గుడారపు దాబాలో, నీరు 86 డిగ్రీల వద్దనే మరుగుతుంది గనుక, అన్నం ప్రెషర్ కుక్కర్లోనే వండుతున్నారు.

ఆ సాయంకాలం ఇంజినీరు గారి పదిహేడో ఎక్కం “పదిహేడు ఆర్లు” వద్ద ఆగిపోయింది. “నూట రెండు” అనడానికి చాలాసేపు పట్టింది. మధ్యాహ్నం నుండీ తలనొప్పి. వడ్డించిన అన్నం కంచంలోనే ఉన్నది. ప్రణాళిక ప్రకారం మరునాడు కనుమ దాటి సర్చు చేరాలి. శ్రీమతి మ్యాపు పరచింది.

“ఏమండీ, ఇక్కడినుంచి కిందికి దిగే దారి ఉంది. సర్చు చేరాక మీకు ఎక్కువైతే, వెనక్కి రావాలన్నా బారాలాచా ఎక్కాలి, ముందుకు పోవాలన్నా లాచుంగ్ లా ఎక్కాలి. దిగదలిస్తే ఇప్పుడే దిగాలి.”

వాదనకు చోటు లేదు. మనాలివైపు ఖాళీగా పోతున్న ఒక లారీని ఆపి, సైకిళ్ళను ఎక్కించి, చీకటిపడ్డాక జిస్పా చేరాము. రెండు రోజులు చెమటోడ్చి సంపాదించిన వెయ్యి మీటర్ల ఎత్తు కొద్ది గంటల్లో చేజారింది. ఆమె ఒక్క మాటైనా విచారంగా అనలేదు. తెల్లవారేసరికి తలనొప్పి మాయమైంది. పదిహేడో ఎక్కం పదివరకూ ఆగకుండా సాగింది. అయినప్పటికీ ఆమె మరొక రోజు కూడా కదలనివ్వలేదు. కేలాంగ్ దాకా బస్సులో వెళ్ళి, సెలవు పొడిగింపు కోరుతూ కార్యాలయానికి ఫోను చేసి వచ్చాము.

మరల అవే మజిలీలు చేసి, పన్నెండవ రోజున సూరజ్ తాల్ సరస్సు పక్కగా బారాలాచా దాటాము. ఈసారి సర్చులో ఇద్దరికీ ఆకలి వేసింది. సర్చు దాటాక గాటా లూప్స్ అనే 21 మలుపుల ఎక్కుడు ఎదురైంది. సుమారు పది కిలోమీటర్లకు నాలుగు గంటలు పట్టింది. ప్రతి మూడవ మలుపు వద్దా ఆగి, నీళ్ళు తాగి, ఒకరి ముఖం ఒకరు చూసుకొని కదిలేవాళ్ళం.

ఈ దారిని ఏటా నిలబెడుతున్నది సరిహద్దు రహదారుల సంస్థ. దాని కింద రాళ్ళు పగలగొట్టి, తారు మరిగించే కూలీలలో అనేకులు ఝార్ఖండ్, బీహార్ ప్రాంతాలవారు. వారు కూడా మావలెనే మైదానాల నుండి వచ్చినవారే. మేము ఊరికే ఊపిరి తీసుకోవడానికి శ్రమపడే చోట వారు రోజంతా పార పట్టి పనిచేస్తున్నారు. వారిని చూశాక మా అలసటను గురించి మాట్లాడుకోవడం మానివేశాము.

పాంగ్ తరువాత మోరే మైదానం దాదాపు నలభై కిలోమీటర్లు చదునుగా ఉన్నది, కానీ ఎదురుగాలి వదలలేదు. ఒకరి వెనుక ఒకరం, వంతులవారీగా గాలికి అడ్డుగా తొక్కాము. తంగ్లాంగ్ లా చివరి రెండు కిలోమీటర్లు ఇద్దరమూ బండ్లను తోసుకుంటూ నడిచాము. ఉప్షీ వద్ద సింధునది కనిపించింది. పదిహేడవ రోజు సాయంకాలానికి లేహ్ చేరాము. అనుకున్నదానికన్నా నాలుగు రోజులు ఆలస్యం.

మిత్రులెవరైనా ఈ ప్రయాణం తలపెడితే, 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకుండా చూసుకోవాలి, నడుమ విశ్రాంతి దినాలు ఉంచుకోవాలి, బయలుదేరే ముందు వైద్యుని సంప్రదించాలి. ఇవి పాటించినా అందరి శరీరాలూ ఒకే తీరుగా స్పందించవు. కనుక సాయంకాలం ఒక ఎక్కం అడిగే తోడు ఉండాలి. ఆ తోడు దిగుదామన్నప్పుడు, కనుమకు ఇవతలే వినాలి.