వానకు ఎన్ని మాటలో!

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. అందుకే మేమిద్దరం, అంటే అక్కా నేనూ, విశాఖపట్నంలో బడిలో చేరి, ఆరేళ్లు జోధ్‌పూర్‌లో చదివి, ఇప్పుడు షిల్లాంగ్‌లో ఉన్నాం. ఊరు మారినప్పుడల్లా స్నేహితులు మారారు, ఇళ్లు మారాయి, వానలూ మారాయి.

ఇంగ్లీషు పరీక్షలో ఖాళీలు పూరించమని హ్యూమిడ్, డ్యాంప్, మాయిస్ట్, వెట్ అనే నాలుగు మాటలూ పక్కపక్కనే ఇస్తే చాలామంది తికమకపడతారు. అన్నిటిలోనూ తడి ఉంది మరి! మాకు మాత్రం ఈ తేడాలు మేమున్న ఊళ్లే నేర్పాయి.

హ్యూమిడ్ అంటే మాకు విశాఖపట్నం. అది గాలి గురించి చెప్పే మాట. సముద్రపు గాలిలో నీటి ఆవిరి ఎక్కువ కాబట్టి ఒంటిమీది చెమట తొందరగా ఆరదు. ఒక్క చినుకు పడకపోయినా చొక్కా వీపుకు అంటుకుపోతుంది. అదే మన ఉక్కపోత. జోధ్‌పూర్‌లో ఎండ ఇంకా ఎక్కువే, అయినా కూలర్ వేస్తే గది చల్లబడేది. గాలి పొడిగా ఉంటేనే కూలర్‌లోని నీరు బాగా ఆవిరై చల్లదనం ఇస్తుంది. అదే కూలర్ విశాఖలో అంతగా పనిచేసేది కాదు.

డ్యాంప్ అంటే షిల్లాంగ్. వానాకాలంలో ఉతికిన యూనిఫాం రెండు రోజులైనా పూర్తిగా ఆరదు. అలమారలోని బెల్టుకు బూజు పడుతుంది. మనకు అక్కర్లేని కొద్దిపాటి తడి డ్యాంప్, తెలుగులో చెమ్మ. మనకు కావలసిన కొద్దిపాటి తడి మాయిస్ట్. విత్తనం మొలకెత్తడానికి నేలలో ఉండాల్సిన తేమ అలాంటిదే. కేకు మాయిస్ట్‌గా ఉందంటే చేసినవాళ్లు సంతోషిస్తారు, డ్యాంప్‌గా ఉందంటే చిన్నబుచ్చుకుంటారు! నీళ్లు కారేటట్టు తడిస్తే అది వెట్.

వానకూ ఇలాగే తేడాలున్నాయి. 0.5 మిల్లీమీటర్ల కన్నా సన్నని చినుకులు దట్టంగా పడితే డ్రిజిల్, మన తుంపర. ఉన్నట్టుండి వచ్చి ఉన్నట్టుండి ఆగేది షవర్, మన జల్లు. హెవీ రెయిన్‌కైతే లెక్కే ఉంది. 24 గంటల్లో కనీసం 64.5 మిల్లీమీటర్లు కురిస్తేనే భారత వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షం అంటుంది.

ఇంతవరకూ జతలు బాగానే కుదిరాయి. ముసురు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. ఆకాశం మూసుకుపోయి, రెండు మూడు రోజులు వదలకుండా సన్నగా కురిసే వానకు ఇంగ్లీషులో ఒక్క మాట మాకు దొరకలేదు.

ఆ మాట మా తమ్ముడికీ తెలియదు. వాడు జోధ్‌పూర్‌లో పుట్టాడు. ఒకరోజు అమ్మమ్మ ఫోన్‌లో "అక్కడ ముసురు పట్టిందిట్రా?" అని అడిగితే, వాడు ఏమీ చెప్పకుండా ఫోన్ మా చేతికిచ్చి వెళ్లిపోయాడు. కిటికీ అవతల మూడు రోజులుగా ముసురే! కానీ వాడి దగ్గర ఆ మాట లేదు. అమ్మమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. మా బళ్లో తెలుగు చెప్పరు. ఇంట్లో కూడా ఈ మాటలు పోతే, రేపు వాడూ అమ్మమ్మా ఏం మాట్లాడుకుంటారు?

అందుకని మేమిద్దరం ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాం. ఒక వైపు ఇంగ్లీషు మాట, రెండో వైపు తెలుగు మాట, కింద ఆ వానను ఏ ఊళ్లో చూశామో రాస్తాం. జత లేని మాటకు పక్కన ఖాళీ వదిలేస్తాం. తెలియనివి అమ్మమ్మను అడుగుతాం. వాన కాసేపు ఆగడాన్ని తెరిపి అంటారని అలాగే తెలిసింది. ఇప్పుడు తమ్ముడు బయటికి తొంగిచూసి "అమ్మమ్మా, ఇంకా తెరిపివ్వలేదు" అని ఫోన్‌లో వాడే చెబుతున్నాడు.

మిత్రులారా, మీ ఇంటి భాష ఏదైనా సరే, మీ ఊరి వానకు అందులో ఏ పేరుందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వచ్చే బదిలీకి సామాను సర్దేటప్పుడు ఆ మాటను కూడా వెంట తీసుకెళ్లండి.