ఎడమ పక్కన వేట, కుడి పక్కన విలన్!

రక్తపిశాచి అనగానే మీకెవరు గుర్తొస్తారు? నల్లకోటు, కోరపళ్లు, 1958 నాటి ఇంగ్లీషు 'డ్రాకులా'లో క్రిస్టఫర్ లీ... అంతేగా! మనవాళ్లకైతే చెట్టుకు వేలాడే బేతాళుడు. లేదంటే మా ఊరి పేరు చెప్పి ఆంధ్రదేశాన్నంతా హడలగొట్టిన 'అరుంధతి' (2009)లో పశుపతి. అన్నట్టు, గద్వాలకొచ్చి "జేజమ్మ బంగళా ఎక్కడండీ?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కథ గద్వాలదే గానీ, తెరమీద కనిపించిన బంగళా బనగానపల్లె దగ్గరిది. మా కోటలో ఉన్నది చెన్నకేశవస్వామి. పిశాచాలు లేవు, వెతక్కండి!

నేను చెప్పబోయే పిశాచాలు కేకలు వెయ్యవు. దర్జాగా కుర్చీలో కూర్చుని డబ్బూ, ఓట్లూ, మనుషుల్నీ చీకట్లోంచి నడిపిస్తాయి. అవన్నీ అట్టముక్కల మీద బొమ్మలు. ఆట పేరు 'వాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్'. 'మ్యాజిక్: ది గేదరింగ్' అనే కార్డులాటను 1993లో కనిపెట్టిన రిచర్డ్ గార్ఫీల్డే మరుసటి ఏడు దీన్నీ తయారుచేశాడు. అప్పుడు దీని పేరు 'జిహాడ్', 1995లో పేరు మార్చారు. 1996లో ఆగిపోయింది. 2000లో వైట్ వుల్ఫ్ కంపెనీ మళ్లీ వేసింది, 2010లో మళ్లీ ఆపేసింది. ఎనిమిదేళ్లు అభిమానులే బతికించుకున్నారు. 2018లో బ్లాక్ చాంట్రీ అనే సంస్థ కొత్తగా అచ్చు మొదలెట్టింది. ఇన్నిసార్లు రీ-రిలీజ్ అయిన బొమ్మ మన ఇండస్ట్రీలో ఎన్ని ఉంటాయంటారు?

మా దగ్గరికి ఈ ఆటను తెచ్చింది బావ. బెంగుళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకుని, ఐదు డెక్కులు సంచిలో వేసుకుని వనపర్తి ఇంటికి చేరాడు. గద్వాలనుంచి నేనూ, మగ్గాల ఇంటి నా స్నేహితుడూ బీచుపల్లి వంతెన దాటి బస్సులో వెళ్లేవాళ్లం. నాగర్‌కర్నూలునుంచి పెదనాన్న కొడుకు, మా అన్న వచ్చేవాడు. బావతో కలిపి నలుగురం. నలుగురైనా ఆడొచ్చు. కానీ ఐదుగురుంటేనే దాని రుచి.

ఎందుకో చెబుతాను. ఈ ఆటలో అందరూ అందరికీ శత్రువులు కారు. గుండ్రంగా కూర్చుంటాం. మన ఎడమపక్కవాడు మన వేట. కుడిపక్కవాడికి మనం వేట. ఒక్కొక్కరి దగ్గర 30 'పూల్' ఉంటుంది. అదే పెట్టుబడి, అదే ప్రాణం! ఎడమవాడి పూల్ సున్నా అయితే వాడు అవుట్. మనకు ఒక పాయింటూ, 6 పూలూ దక్కుతాయి. వాడి అవతలివాడు మనకు కొత్త వేట అవుతాడు. ఎక్కువ పాయింట్లు ఎవరివైతే వాళ్లదే గెలుపు. ఇక ఎదురుగా కూర్చున్న ఇద్దరున్నారే, వాళ్లు ఈ రీల్లో మిత్రులు, వచ్చే రీల్లో విలన్లు. బేరాలు కుదుర్చుకోవచ్చు, మాట తప్పనూవచ్చు. గద్వాల, వనపర్తి, జటప్రోలు అని సంస్థానాలు పక్కపక్కనే బతికిన నేలమీద పుట్టినవాళ్లకు ఇది వేరే నేర్పాలా?

డెక్కు కట్టడం అంటే సినిమా తియ్యడమే. రెండు కట్టలుంటాయి. మొదటిది 'క్రిప్ట్'. కనీసం 12 మంది పిశాచాలు, అంటే తారాగణం. రెండోది 'లైబ్రరీ'. 60నుంచి 90 కార్డులు. కథ, మాటలు, ఫైట్లు అన్నీ అందులోనే. ఏ కార్డునైనా ఎన్ని కాపీలైనా పెట్టుకోవచ్చు. దాంతో కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, పెద్ద హీరోల్నందర్నీ బుక్ చేస్తారు. పది బలమున్న పిశాచాన్ని దింపాలంటే మన పూల్లోంచి పది కట్టాలి, అంటే మూడోవంతు పెట్టుబడి ఒక్క హీరోకే! పైగా ఒక టర్నులో మామూలుగా నాలుగే కట్టగలం. హీరో సెట్టుకొచ్చేసరికి మూడు టర్నులు గడుస్తాయి. ఈలోపు కుడిపక్కవాడు చిన్న ఆర్టిస్టుల్ని దింపి షూటింగ్ మొదలెట్టేస్తాడు.

ఇంకో లెక్క చూడండి. ఆట మొదట్లో క్రిప్ట్‌లోంచి నాలుగు కార్డులే చేతికొస్తాయి. మనకు కావలసిన పిశాచం 12లో ఒక్కటే ఉంటే మొదటి నాలుగులో వచ్చే అవకాశం 33 శాతం. రెండుంటే 58, మూడుంటే 75, నాలుగు పెడితే 86. మూడునుంచి నాలుగుకు పోతే లాభం పదకొండే. కాబట్టి ముఖ్య పాత్రకు మూడు కాపీలు, మిగతా తొమ్మిదీ అదే విద్యలు తెలిసిన సహాయ నటులు. ఇది నా లెక్క. అన్న ఒప్పుకోడు. నాలుగు పెడతాడు, ఓడిపోయి షఫిలింగ్‌ను తిడతాడు!

లైబ్రరీ సంగతి ఇంకా చిత్రం. చేతిలో ఎప్పుడూ 7 కార్డులు. ఒకటి ఆడగానే దాని స్థానంలో ఇంకొకటి వస్తుంది. బాగుంది కదా అనుకుంటాం. కానీ ఆడడానికి వీల్లేని కార్డులు పేరుకుపోతే? టర్నుకు ఒక్కటే పారెయ్యొచ్చు. 'మాస్టర్' కార్డులు మంచివే, అయితే మామూలుగా టర్నుకు ఒకటే ఆడగలం. 90లో పదిహేను దాటితే చేతిలో ట్రాఫిక్ జామే. ఫైటు కార్డులూ అంతే, ఎవరూ మనతో కొట్లాటకు రాకపోతే అవి ఫ్లాప్ సినిమా పోస్టర్ల లెక్క గోడకు అంటుకునుంటాయి. మా స్నేహితుడు నేతపని మాటల్లో చెప్పేవాడు: "అంచూ కొంగూ ఎంత జిగేల్మన్నా, నడుమ బట్ట బాగలేకపోతే అది గద్వాల చీరైతదా?" వాడి డెక్కులో తళుకు కార్డులు ఆరో ఏడో. తక్కినదంతా నడుమ బట్టే. మా నలుగురిలో ఎక్కువ గెలిచేదీ వాడే.

ఈ లెక్కలన్నీ మేం మాట్లాడుకుంటుంటే అక్క చాయ్ గ్లాసులు పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి వినేది. ఆడాలని ఉందని మొహంలోనే తెలిసేది. కానీ వాళ్ల అత్తమ్మకు పత్తాలంటే పడదు. ఆ ఇంట్లో ఒక తరం కింద పత్తాల్లో రెండెకరాలు పోయాయట. "పైసలు పెట్టం అమ్మా, ఇది వేరే ఆట" అని బావ ఎంత చెప్పినా, "పత్తాలు పత్తాలే" అనేది ఆమె. కొడుకు ఆడితే ఊరుకునేది. కోడలు కూర్చుంటే మాత్రం నలుగురూ ఏమంటారని ఆమె భయం. ఆ ఇంట్లో అక్కకు పనిలేని రెండు గంటలు ఎప్పుడుంటాయో కూడా ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం బావే అన్నాడు, "ఐదో కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చో" అని. అక్క కూర్చుంది. అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. మేమెవ్వరం తలెత్తలేదు.

అక్క తీసుకున్నది 'ట్రెమియర్' వంశం. మంత్రగాళ్లు. పక్కన ఎవరంటారు? ఆమెకు కుడివైపున బావ, అంటే మొగుడే విలన్! ఎడమన అన్న. అతని ఎడమన నేను, నా ఎడమన స్నేహితుడు. బావ చేతిలో 'వెంట్రూ', దర్జా జమీందార్ల వంశం. ఈ ఆటలో ఎడమవాడి పూల్‌ను పీల్చడాన్ని 'బ్లీడ్' అంటారు. మామూలు బ్లీడ్ ఒకటి. కార్డులు తోడైతే మూడు, ఐదు, ఇంకా పైకి. అక్క మొదటి ముప్పావుగంట ఏమీ చెయ్యనట్టే కనిపించింది. ఒకటీ రెండూ పోతే పోనిచ్చింది. భార్య కదా అని బావకు జాలి కూడా వేసినట్టుంది!

అప్పుడు బావ ఐదు బ్లీడ్ పెట్టాడు. అక్క నెమ్మదిగా ఒక కార్డు దించింది. 'డిఫ్లెక్షన్'. మనమీదికొచ్చిన బ్లీడ్‌ను ఇంకొకరి మీదికి తిప్పేసే కార్డు. ఎవరి మీదికి? అన్న మీదికి. అన్న దగ్గరున్నది నాలుగే. అన్న అవుట్! కష్టపడ్డది బావ, పాయింటూ 6 పూలూ అక్కకు. ఆ కార్డు మొదటి టర్నునుంచీ ఆమె చేతిలోనే ఉందట. ఆరు కార్డులతోనే ఆట నెట్టుకొచ్చి దాన్ని దాచుకుంది.

నాకు నచ్చింది దాని తర్వాత జరిగింది. బావ దగ్గర అప్పటికి పూల్ తక్కువ. అక్క వెనక్కి తిరిగి కొడితే విరిగిపోతాడు. మేమంతా "కొట్టు, కొట్టు" అన్నాం. కొట్టలేదు. "ఈయన పోతే ఆ పాయింటూ ఆరు పూలూ నీ దోస్తుకే కద. అప్పుడు నా వెనక కూసునేది ఆయనే. నా వెనకున్నోడు సావద్దు, లేవద్దు" అంది. పుస్తకంలో చదివింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. బావ పిశాచాల్లో ఒకదాన్ని మాత్రం నిద్రపుచ్చి, ఇటు తిరిగి నన్ను పీల్చడం మొదలెట్టింది. నాలుగు టర్నుల్లో నేనూ గుమ్మం బయటే. రెండు గంటలయ్యేసరికి అక్కకు రెండు పాయింట్లు, మిగతావాళ్లకు గుండుసున్నా.

"పైసలెవరికి వచ్చినై?" గుమ్మంలోంచి అత్తమ్మ.

"ఎవరికీ రాలే అత్తమ్మా."

"మరి గింతసేపు ఏమాడిన్రు?"

అక్క కార్డులు సర్దుతూ, "ఈయన నన్ను ముంచాలని చూసిండు, నేను మునగలే" అంది. బావ నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. కానీ కాసేపాగి, "తలుపు తీసి ఆడుండ్రి, మూస్తే జనం వేరే అనుకుంటరు" అని లోపలికెళ్లిపోయింది. నెలకొక ఆదివారం, తలుపు బార్లా తీసి, రెండు గంటలు. అక్క ఆ రోజు వంట పొద్దున్నే ముగిస్తుంది.

ఇప్పుడు బావకు దుబాయ్ ఉద్యోగం వచ్చింది. డెక్కులు ఇక్కడే వదిలి వెళ్తున్నాడు. మళ్లీ నలుగురమే అవుతామని నేను దిగులు పడుతుంటే, అక్క పాల లెక్కల పుస్తకం వెనక అట్టమీద కొత్త డెక్కు రాసి చూపించింది. ఈసారి 'నాస్ఫెరాటు'. కురూపులు, దొంగచాటుగా నడిచేవాళ్లు. డిఫ్లెక్షన్ వాళ్ల విద్య కాదు. "ఇది లేకుంటే ఎట్లక్కా?" అంటే, "అందరూ నా దగ్గర అదే ఉంటదనుకుంటున్రు కద, అనుకోనియ్" అంది. ఐదో కుర్చీకి ఆమె ఆడపడుచును అడిగిందట. ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది, లెక్కల్లో గట్టిదట. కూర్చునేది నా కుడిపక్కన.