గోపాల్‌పేట చేనుగట్టు మీద నుంచి

హైదరాబాద్ దీపాల వెలుగు జడ్చర్ల దాటేదాకా ఆకాశాన్ని వదల్లేదు. వనపర్తి మీదుగా గోపాల్‌పేట చేరేసరికి చీకటి చిక్కబడింది. డిసెంబరు మొదట్లో అమావాస్య. నేను వచ్చింది ఆ చీకటి కోసమే.

చూడదలచింది దక్షిణాకాశంలోని ఎన్‌జీసీ 253. స్కల్ప్టర్ నక్షత్రమండలంలో, కోటి కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్న సర్పిలాకార గెలాక్సీ. 1783 సెప్టెంబరులో ఖగోళ పరిశీలకురాలు కరోలిన్ హెర్షెల్ ఇంగ్లండ్‌లో దీన్ని కనిపెట్టింది. అక్కడ అది దిగంతానికి 13 డిగ్రీలకు మించి పైకి రాదు. అంత కిందనున్న వస్తువు వెలుగును దట్టమైన గాలి మింగేస్తుంది. ఆమె కంటికి ఎలా చిక్కిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. గోపాల్‌పేటలో అదే గెలాక్సీ 48 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

వేరుశనగ చేను గట్టెక్కి దక్షిణానికి తిరిగాను. పడమటికి వాలుతున్న ఫోమల్‌హాట్ నక్షత్రం, నడుమ కాస్త పైన డిఫ్డా నక్షత్రం. ఆ పక్క ఆకాశంలో చుక్కలు పలచన. మన పాలపుంత పళ్లేనికి నిట్టనిలువుగా బయటికి చూసే దిక్కు అది. అడ్డొచ్చే ధూళి తక్కువ. బైనాక్యులర్స్‌ను డిఫ్డా నుంచి ఏడు డిగ్రీలు కిందికి దించాను. ఏటవాలుగా, దాదాపు చందమామంత పొడవున మసక చార!

అడవిపందులకు కావలి ఉన్న రైతు టార్చితో వచ్చాడు.

"ఏం జూస్తున్నవు బిడ్డా?"

"కాకా, లైటు ఆర్పి ఇందులో చూడు."

"ఏం గనపడ్తలేదు."

"నేరుగా వద్దు. కొంచెం పక్కకు చూడు."

కాసేపు మాట్లాడలేదు. "ఆఁ... బీడీ పొగ లెక్క, వాలుగ ఉన్నది."

మసక వస్తువును కంటి అంచుతో పట్టుకోవాలి; చీకట్లో చూపు పదును అక్కడే ఎక్కువ. ఎడమపక్క కొంచెం కిందుగా ఎన్‌జీసీ 288 అనే గుండ్రటి నక్షత్రగుచ్ఛం కూడా చూపించాను. అది మన పాలపుంతదే, దూరం సుమారు 30 వేల కాంతి సంవత్సరాలు. పొగలా కనిపించినది దానికి దాదాపు నాలుగు వందల రెట్ల దూరం. ఆయన మళ్లీ బైనాక్యులర్స్ అడిగి తీసుకున్నాడు.

ఊరి వైపు మాత్రం వీధిలైట్లు సగం వెలుగును ఆకాశానికే పోస్తున్నాయి. వాటికి పైమూతలు పెట్టించమని గ్రామ పంచాయతీలను వేడుకుంటున్నాను. నవంబరు మొదట్లో పదింటికి, డిసెంబరు మొదట్లో ఎనిమిదింటికి, చంద్రుడు లేని రాత్రి పిల్లల్ని చేను దగ్గరికి తీసుకెళ్లండి. డిఫ్డా కింద వెతకండి.