యాడి చేతి గాజులు

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగి పొలాల వెంట నడిస్తే మా తండాలు వస్తాయి. చుట్టూ పత్తి, మిరప చేలు. వానలు పడ్డాయంటే పాముల భయం మొదలవుతుంది. మాలో ఇద్దరం ఇంటర్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ వొకేషనల్ కోర్సు చదివాం. ఒకరం ఆశా కార్యకర్త. ఎవరికి ఏమైనా తండావాళ్లు ముందు మా తలుపే తడతారు. మేం డాక్టర్లం కాదు. డాక్టరు దగ్గరికి చేరేదాకా మనిషిని కాపాడుకోవడమే మా పని. ఆ పని ఒకసారి మేం సగమే చేశాం. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ల కింద మిరప చేలో కలుపు తీస్తున్న ఒక యాడిని రక్తపింజర ముంజేతి మీద కాటేసింది. మేం చేరేసరికి మోచేతి పైన ఎవరో తాడు బిగించేశారు. ఒకరు బ్లేడు పట్టుకొచ్చారు. ఇంకొకరు పాము మంత్రం వేసే తాత కోసం పరుగెత్తారు. బ్లేడు ఆపాం. గాటు పెడితే విషం బయటికి రాదు. పైగా రక్తపింజర విషం నెత్తురును గడ్డకట్టనివ్వదు కాబట్టి ఆ గాటు కారుతూనే ఉంటుంది. తాడు మాత్రం అక్కడ విప్పలేదు. గట్టిగా బిగించిన కట్టును తండాలో విప్పేస్తే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. ఆస్పత్రిలో మందు సిద్ధంగా పెట్టుకుని విప్పాలి. 108కి ఫోన్ చేసి, చేయి కదలకుండా అట్టముక్క పెట్టి తువ్వాలుతో వదులుగా కట్టాం.

ఇక గాజులు. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లగాజులు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, కడియాలు తీసేయాలని మేం చదువుకున్నాం. అడిగాం. "ఆయన బతికుండగా నా గాజులు తీస్తారా?" అంది యాడి. చుట్టూ పెద్దలున్నారు. మేమూ ఆ గాజుల చప్పుడు వింటూ పెరిగినవాళ్లమే. ఇంకో మాట అనలేక ఊరుకున్నాం.

ఆస్పత్రికి చేరేసరికి గాజులు వాచిన కండలోకి దిగిపోయాయి. అక్కడ కోసి తీశారు. యాంటీ వీనమ్ ఎక్కించారు. ప్రాణం దక్కింది. కానీ రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. మిరపకాయలు ఏరేటప్పుడు ఆ చేయి చూస్తే మాకు తల దించుకోవాలనిపిస్తుంది. పాఠం మాకు వచ్చు. యాడికి చెప్పే మాటే రాలేదు.

మరుసటి ఏడు వానలకు ముందు ఆడవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి మన గోర్ బోలిలోనే మాట్లాడాం. దారి చూపింది ఆ యాడే. "తీసినవి పారేయకండి. నా కొంగులోనే ముడివేయండి. కొంగులో ఉంటే చేతికి ఉన్నట్టే" అంది. ఆ మాట మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇప్పుడు ఎక్కడికి పోయినా అదే చెబుతున్నాం.

మనవాళ్లు చేసేవన్నీ ప్రేమతో చేసేవే. పురుగుమందు తాగినవారికి ఉప్పునీళ్లు పోసి కక్కించడం, మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టడం కూడా అలాంటివే. ప్రేమ ఉంటే చాలదు, ఏం చేయకూడదో కూడా తెలియాలి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మనిషిని నడిపించొద్దు. ధైర్యం చెప్పి, కరిచిన చోటు కదలకుండా చూసి ఆస్పత్రికి చేర్చాలి. వాంతి అయ్యేలా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పామును చంపి తీసుకుపోనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు.

కట్లపాముతో ఇంకా జాగ్రత్త. రాత్రి నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. కడుపునొప్పి అంటే ఓమ నీళ్లిచ్చి పడుకోబెడతారు. కనురెప్పలు వాలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. తర్వాత ఆగిపోయేది ఊపిరే. మంచం, దోమతెర, చేతిలో టార్చి ఉంటే చాలావరకు ఆ ఆపదే రాదు.

మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. అయినా ఆ బండి తండా దారి పట్టేలోగా గడిచే సమయం మన చేతుల్లోనే ఉంటుంది.

అందుకే సార్లకు, టీచరమ్మలకు ఒక మాట. బడిలో ఒక అట్టముక్క, ఒక తువ్వాలు పెట్టండి. పిల్లలతో ఒకరి చేయి ఒకరికి కట్టించండి. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఒక్క ప్రశ్న అడగమనండి: "యాడీ, ఆపద వస్తే నీ గాజులు తీయనిస్తావా?" ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే, మా యాడి వేళ్లు ఈరోజు వంగేవేమో.