ఇంజన్ కొందామని వెళ్లి చెక్క కొన్నాం

డిప్‌స్టిక్ బయటికి లాగితే ఆయిల్ రావాలి కదా. మాకు టీ వచ్చింది.

అచ్చం బండి మీద మరిగే పాల టీ రంగు. బావ దాన్ని తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ అదే టీ. "ఏంట్రా ఇది?" అన్నాడు నాకేసి చూసి. నేను మెకానికల్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసుండాలని ఆయన నమ్మకం. నిజానికి తెలుసు కూడా. చెప్పడానికే నోరు రాలేదు. పది నిమిషాలు ఇంజన్ తిప్పేసరికి ఆయిల్‌లో నీళ్లు కలిసి చిలికినట్టయ్యాయి. అంటే లోపల ఇంజన్ బ్లాక్ పగిలింది.

మొన్న ఏప్రిల్‌లో, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, లేక్ ఆఫ్ ద ఓజార్క్స్ ఒడ్డున జరిగిన ముచ్చట ఇది.

డ్రాగన్ లాంటి సరస్సు

నేను చదివే రోలా నుంచి ఈ సరస్సు దగ్గరే. పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరితే ఎండెక్కేలోపు చేరిపోవచ్చు. మ్యాప్‌లో చూస్తే సరస్సులా ఉండదు, మెలికలు తిరిగిన పాములా ఉంటుంది. ఇక్కడివాళ్లు మ్యాజిక్ డ్రాగన్ అంటారు. ఓసేజ్ నది మీద 1929లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన బాగ్నెల్ డ్యామ్ వల్ల పుట్టిందిది. ఒడ్డు పొడవు సుమారు 1,850 కిలోమీటర్లు. మన ఆంధ్రా సముద్ర తీరం కంటే ఎక్కువన్నమాట!

డ్యామ్ కట్టింది కరెంటు కంపెనీ. అందుకే ఒడ్డున ప్రైవేటు ఇళ్లకి, వాటి ముందు డాక్‌లకి అనుమతులొచ్చాయి. ఇక్కడ అడ్రస్ చెప్పాలంటే వీధి పేరుతో పాటు మైలురాయి కూడా చెబుతారు, డ్యామ్ దగ్గర సున్నా నుంచి లెక్క. ఇంటి ముందు కారున్నట్టే నీళ్లలో బోటు ఉంటుంది.

ఇక ఆగస్టు వస్తే షూటౌట్. 1988 నుంచి జరుగుతున్న స్పీడు పండగ. పక్కపక్కన పోటీ ఉండదు, ఒక్కో బోటు వచ్చి తన టాప్ స్పీడు చూపించి పోతుంది. 2014లో టర్బైన్ ఇంజన్లున్న ఒక బోటు గంటకి 244 మైళ్లు కొట్టింది. దాదాపు 393 కిలోమీటర్లు. నీళ్ల మీద!

బావకి పిచ్చి పట్టింది అక్కడే. కాన్సస్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. షూటౌట్ చూసొచ్చిన మరుసటి నెలలోనే పాత 26 అడుగుల స్పీడ్ బోటు కొనేశాడు. ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బులోంచి తీశాడని అక్కకి తర్వాత తెలిసింది. ఆ గొడవ ఇక్కడొద్దు.

నీళ్లే చంపేశాయి

కారులో కూలెంట్ ఉంటుంది, చలికి గడ్డకట్టదు. ఈ రకం బోటు ఇంజన్‌కి సరస్సు నీళ్లే కూలెంట్. కింద నుంచి లాగి, ఇంజన్ అంతా తిప్పి, పొగతో పాటు బయటికి పోస్తుంది. ఆపేశాక కొన్ని నీళ్లు బ్లాక్‌లోనే ఉండిపోతాయి. శీతాకాలం వచ్చే ముందు అడుగున ఉన్న బిరడాలు విప్పి ఆ నీళ్లు వదిలేయాలి. లేకపోతే గడ్డకట్టేటప్పుడు నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పోత ఇనుము ఆ ఒత్తిడికి ఆగదు.

గోదావరి జిల్లాలో పుట్టినవాడికి నీళ్లు గడ్డకట్టి ఇనుముని పగలగొడతాయని ఎవరు చెబుతారు? బావకీ ఎవరూ చెప్పలేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే, చలికి పగిలింది పాలసీ కిందకి రాదన్నారు.

బావ రెండు రోజులు డల్‌గా ఉన్నాడు. మూడో రోజు మెసేజ్ పెట్టాడు: "ఎలాగూ మార్చాలి కదా బామ్మర్దీ, పెద్దదే వేద్దాం!"

వర్గమూలం దగ్గర దొరికిపోయాం

పాతది 454 మాగ్నం. 454 క్యూబిక్ అంగుళాలు, అంటే 7.4 లీటర్లు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 385 హార్స్‌పవర్. మా ముందు మూడు దారులున్నాయి. అదే ఇంజన్ రీబిల్డ్ చేసింది తెచ్చుకోవడం ఒకటి. 415 హార్స్‌పవర్ 502కి వెళ్లడం రెండు. మూడోది బావ కలలోకి వచ్చే 525.

మా లెక్క ఇదీ. నీళ్ల మీద తేలుతూ పరుగెత్తే బోటుకి, బరువు మారకపోతే, వేగం హార్స్‌పవర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు వేగం కావాలంటే నాలుగు రెట్ల శక్తి పెట్టాలి. 385తో 60 మైళ్లు వెళ్లే బోటు 415తో ఎంత వెళ్తుంది? 62. "అంతేనా?" అన్నాడు బావ. అంతే. 525 వేస్తే 70.

పైగా 525 ఒక్కటే రాదు. ఇంజన్‌కి వెనకాల నీళ్లలోకి దిగే కాలు ఉంటుంది, డ్రైవ్ అంటారు. గేర్లన్నీ అందులోనే. మా బోటుకున్న మామూలు బ్రావో డ్రైవ్ అంత టార్క్‌కి నిలబడదు, ఇంకా గట్టిదైన ఎక్స్‌ఆర్ కొనాలి. దానికి తగ్గ ప్రొపెల్లర్ కొనాలి. ఇక పెట్రోలు సంగతి. ఫుల్ థ్రాటిల్‌లో హార్స్‌పవర్‌లో పదో వంతు గ్యాలన్లు గంటకి తాగుతుందని ఒక మోటు లెక్క. 385కే గంటకి 38 గ్యాలన్లు, అంటే దాదాపు 145 లీటర్లు!

అప్పుడు బావకి నాలుగో దారి దొరికింది. తుక్కు యార్డులో ఒక పికప్ ట్రక్కు 454. "ఇదీ జీఎమ్‌దే, అదీ జీఎమ్‌దే. సగం ధర కూడా కాదు!"

గ్రావోయ్ మిల్స్ వైపు ఒక షెడ్డులో బోట్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్లి ఇదే అడిగాం. ఆయన నవ్వలేదు. బెంచీ మీద రెండు స్టార్టర్ మోటార్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి కారుది, ఒకటి బోటుది. చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి. కారుదాంట్లో లోపలి నిప్పురవ్వ బయటికి రావచ్చు. బోటుదాంట్లో రాకుండా మూసి ఉంటుంది. ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ కూడా అంతే.

కారులో పెట్రోలు కారితే ఆవిరి కింద నుంచి రోడ్డు మీదకి పోతుంది. బోటులో పోదు. అది గాలికంటే బరువు. ఇంజన్ కింద గుంటలో కూర్చుంటుంది. తాళం తిప్పగానే ఒక్క రవ్వ చాలు. అందుకే స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ ఫ్యాను కనీసం నాలుగు నిమిషాలు తిప్పాలని స్టిక్కర్ అంటించి ఉంటుంది.

"దీంట్లో ఎవరెవరు ఎక్కుతారు?" అని అడిగాడు ముసలాయన.

బావ ఫోన్ తీసి వాల్‌పేపర్ చూపించాడు. అక్క, నాలుగేళ్ల మేనకోడలు, లైఫ్ జాకెట్లలో. ఆయన కారు స్టార్టర్ తీసి బెంచీ కింద పడేశాడు.

నరసాపురం నుంచి వీడియో కాల్

మా నాన్న నరసాపురం దగ్గర వేట బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి, ఆయనకి భోజనం చేసే తీరిక కూడా ఉండదు. అయినా అల్లుడి బోటు అనేసరికి వీడియో కాల్‌లోకి వచ్చాడు. వెనకాల ఎవరో లేలాండ్ ఇంజన్‌ని చైన్ బ్లాక్‌తో లేపుతున్నారు.

బావ 525 గురించి ఉత్సాహంగా పది నిమిషాలు చెప్పాడు. నాన్న అంతా విన్నాడు.

"ఎద్దు బలంగా ఉంటే సరిపోదండి అల్లుడుగారూ. కాడి కూడా నిలబడాలి కదా. ముందు చెక్క చూడండి."

"ఇది ఫైబర్ బోటండి మావయ్యగారూ."

"ఫైబరైతే ఏవండీ, లోపల చెక్క ఉండదా?"

బావ నాకేసి చూశాడు. నేను ముసలాయనకేసి చూశాను. విషయం చెబితే ఆయన తలూపాడు. ఉంటుందట.

టక్ టక్... డబ్

ఇంజన్ తీయాలంటే ముందు వెనకున్న డ్రైవ్ ఊడదీయాలి, దాని షాఫ్టు ఇంజన్‌లోకి దూరి ఉంటుంది కాబట్టి. తర్వాత గొట్టాలు, వైర్లు, పెట్రోలు లైను. దాదాపు అర టన్ను ఇనుము గొలుసుకి వేలాడుతూ పైకి లేచింది. కింద నల్లటి ఖాళీ గుంట.

ముసలాయన అందులోకి దిగి చిన్న ప్లాస్టిక్ సుత్తి తీసుకున్నాడు. ట్రాన్సమ్ అంటే బోటు వెనక గోడ. ఈ రకం బోటులో ప్రొపెల్లర్ తోపుడంతా మోసేది అదే. రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఆయన పైనుంచి కిందకి తడుతూ వచ్చాడు, మనం సంతలో పుచ్చకాయ తట్టి చూసినట్టు.

టక్. టక్. టక్. డబ్.

ఆగాడు. మళ్లీ తట్టాడు. డబ్. చిన్న డ్రిల్లుతో ఒక కన్నం వేశాడు. పొడి రావాల్సిన చోట నల్లగా, తడిగా, చివికిపోయిన చెక్క పేస్టులా వచ్చింది. వాన నీళ్లలో నానిన కొబ్బరి పీచు వాసన.

కారణం ఏంటో తెలుసా? పాత ఓనరు లోతు చూపించే మిషను బిగించడానికి వేసిన రెండు స్క్రూ కన్నాలు. వాటికి సీలెంట్ పెట్టలేదు. ఏళ్ల తరబడి బొట్టు బొట్టుగా నీళ్లు లోపలికి దిగాయి.

ఈ గోడకి 525 బిగించి ఫుల్ థ్రాటిల్ కొట్టి ఉంటే? బావ ఆ మాట పైకి అనలేదు. ఆ తడి పొడిని వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు. కాసేపటికి అక్కకి తనే ఫోన్ చేశాడు, దాచకుండా మొత్తం చెప్పాడు. అక్క ఎక్కువ మాట్లాడలేదట. "అమ్మేస్తే ఇంకొకరి పిల్లలు ఎక్కుతారు కదా, బాగుచేయించు" అందట.

రెండు వేళ్లతో

525 కోసం అనుకున్న డబ్బులో పెద్ద భాగం గోడకే పోయింది. లోపలి ఫైబర్ కోసి, చివికిన చెక్కంతా గోకి తీసి, కొత్త మెరైన్ ప్లై ఎపాక్సీతో అతికించి, పైన మళ్లీ ఫైబర్ పరిచారు. ఐదు వారాలు పట్టింది. మిగిలిన డబ్బుకి రీబిల్డ్ చేసిన 454. అదే సైజు, అదే 385. స్టార్టర్ బోటుదే.

ఇంజన్ దించాక అసలు పని అలైన్‌మెంట్. వెనక గోడలోంచి పొడవాటి ఉక్కు కడ్డీ దూర్చి, అది ఇంజన్ కప్లర్‌లోకి దిగేదాకా ముందు మౌంట్లు పైకీ కిందకీ సర్దాలి. బలవంతంగా దూర్చకూడదు. రెండు వేళ్లతో తోస్తే వెళ్లిపోవాలి. తేడా ఉంటే బేరింగు, కప్లరు అరిగిపోతాయి. నేను పడుకుని టార్చి పట్టుకున్నాను, బావ స్పానర్ తిప్పాడు. మౌంట్ ఎన్నిసార్లు సర్దామో లెక్క లేదు. చివరికి కడ్డీ చప్పుడు లేకుండా లోపలికి జారింది.

జూన్ చివర్లో నీళ్లలోకి దించాం. కొత్త ఇంజన్ కాబట్టి మొదటి గంటలు ఒకే స్పీడులో పెట్టకుండా మారుస్తూ నడిపాం. తర్వాత ఒక మంగళవారం, సెలవు పెట్టి మరీ, ఫుల్ థ్రాటిల్ చూశాం. వారాంతాల్లో పెద్ద బోట్ల అలలతో ఈ సరస్సు ఉడుకుతున్నట్టుంటుంది, టెస్టులకి పనికిరాదు. ప్రొపెల్లర్ సరైనదా కాదా తెలిసేది ఇక్కడే. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ మాన్యువల్‌లో రాసిన ఆర్‌పీఎమ్ అందుకోవాలి. అందుకోకపోతే పిచ్ ఎక్కువైనట్టు, దాటిపోతే తక్కువైనట్టు. మాది సరిగ్గా అందుకుంది. జీపీఎస్‌లో 61 చూపించింది.

"ఒక మైలు పెరిగింది చూశావా!" అన్నాడు బావ. గాలి మారినా ఒక మైలు మారుతుందని నేను చెప్పలేదు.

సాయంత్రం అక్క, పాప ఎక్కారు. బావ ఇంజన్ మూత తెరిచి వాసన చూశాడు, బ్లోయర్ వేసి ఫోన్‌లో నాలుగు నిమిషాలు టైమర్ పెట్టాడు. "ఇంకా ఎంతసేపు నాన్నా?" అని పాప మూడుసార్లు అడిగింది. టైమర్ మోగాకే తాళం తిప్పాడు.

చీకటి పడ్డాక ఇక్కడ 30 మైళ్లు దాటకూడదని రూలు. ఇళ్ల లైట్లు నీళ్లలో సాగుతుంటే, ఆ 30లోనే డాక్‌కి తిరిగొచ్చాం. తాళ్లు కట్టేశాక బావ వెనక్కి వంగి ట్రాన్సమ్ మీద పిడికిలితో తట్టాడు.

టక్ టక్.

ఆ చప్పుడు రికార్డు చేసి నాన్నకి పంపాను. పొద్దున లేచేసరికి బొటనవేలు ఎమోజీ, కింద ఒక వాయిస్ మెసేజ్: "చలికాలం ముందు నీళ్లు వదలమని అల్లుడుగారికి గుర్తు చెయ్యరా."