అలీగఢ్, దేవబంద్, మా యిల్లు

మా యింట రాత్రి భోజనానంతరం ఒక వాదం తరచుగా చెలరేగేది. దాదాజాన్ దేవబంద్ సంప్రదాయానికి చెందిన మదరసాలో చదివినవారు. అబ్బాజాన్‌కు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అంటే అపారమైన గౌరవం. కవల అక్కాచెల్లెళ్లమైన మేము పదవ తరగతి ఉత్తీర్ణులమైన యేడు ఆ వాదానికి మేమే విషయమైనాము. ఆడపిల్లలను కళాశాలకు పంపవలెనా, వద్దా?

పెద్దలు నిత్యం తలచే ఆ రెండు ఉద్యమాల చరిత్రను అప్పుడే శ్రద్ధగా చదివాము. 1857 తిరుగుబాటు అణగారి, మొగలు పాలన అంతరించిన పిదప ఉత్తర భారత ముస్లిం సమాజానికి దిక్కు తోచలేదు. 1866లో దేవబంద్‌లో దారుల్ ఉలూమ్ వెలసింది. సర్కారు ధనాన్ని ఆశించక, ప్రజల చందాలతో ధార్మిక విద్యను నిలిపింది. సర్ సయ్యద్ 1864లో సైంటిఫిక్ సొసైటీని స్థాపించి, ఆంగ్ల గ్రంథాలను ఉర్దూలోనికి అనువదింపజేశారు. 1875లో ఆయన అలీగఢ్‌లో నాటిన పాఠశాలయే కళాశాలగా ఎదిగి, 1920లో విశ్వవిద్యాలయమైంది.

ఒకరు ఉన్నదానిని కాపాడదలచారు. మరొకరు లేనిదానిని సంపాదింపదలచారు. ఇరువురూ నమ్మిన సాధనం మాత్రం విద్యయే. అయితే ఆ తొలి తరగతులలో బాలికలు లేరు. సర్ సయ్యద్ సైతం బాలుర చదువే ముందన్నారు. షేక్ అబ్దుల్లా దంపతుల కృషితో అలీగఢ్‌లో బాలికల పాఠశాల వెలసేసరికి 1906వ సంవత్సరం వచ్చింది.

ఆ రాత్రి ధైర్యం చేసి అడిగాము: "దాదాజాన్! విద్య నేర్వడం విధి అని చిన్ననాడు మాకు బోధించినది మీరే గదా? మీ ఇరువురి వాదంలో మా మాట ఎవరూ అడగలేదేమి?"

అబ్బాజాన్ తల వంచుకున్నారు. దాదాజాన్ బదులు పలుకక నమాజుకు లేచారు. ఆ మౌనం మమ్ము రాత్రంతా నిద్రపోనీయలేదు.

మరునాడు కళాశాలకు మా వెంట వచ్చినది దాదాజానే. సంరక్షకుని గడిలో ఆయన ఉర్దూలో సంతకం చేశారు. దాని క్రింద మేము తెలుగులో మా పేర్లు వ్రాసుకున్నాము. గుమాస్తా ఆ దరఖాస్తులను ఒకసారి పరికించి, మారుమాట లేక స్వీకరించాడు.

ఆ వాదం మా యింట ఇప్పటికీ ముగియలేదు. అయితే ఇప్పుడు అందులో మేమూ కూర్చుంటున్నాము.