పై ఊరి ఫోను

మా ఆడబిడ్డ ఫోను చేసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పొద్దున పూజకు చేసిన కుడుములు మిగిలితే బుట్టలో సర్దుతున్నాను. 2025 ఆగస్టు 27, వినాయక చవితి.

"వదినా, మా దిక్కు పొద్దుగాల్నుంచి ఒక్క తీరుగ కొడుతుంది. వాగు మీద వంతెన కనవడ్తలేదు. మీరు సామాన్లు సర్దుకుంట కూసోకుండ్రి, అత్తమ్మను తీస్కొని పైకి పోండ్రి" అన్నది.

మా దగ్గర అప్పుడు పడుతున్నది ముసురే. పెద్ద వాన కాదు. వాకిట్లో మా పిల్లగాడు కాగితం పడవ వదులుతున్నాడు. "సరే పోతాం లే" అని పెట్టేశాను. కుడుముల బుట్ట ఉట్టి మీద పెట్టాను. ఆ తర్వాత అరగంట నేనేమీ చెయ్యలేదు. ఈ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

మాది సిర్గాపూర్ మండలంలో వాగు ఒడ్డు ఊరు. సుల్తానాబాద్ దగ్గర నల్లవాగు ప్రాజెక్టు ఉంది. దాని నీళ్లతోనే ఇక్కడ వరి పండుతుంది, మిగతాదంతా వాన మీద ఆధారపడిన నల్లరేగడి: పెసర, మినుము, సోయ, పత్తి, కంది. ఆ ప్రాజెక్టుకు నీళ్లు ఎగువన కంగ్టి దిక్కు నుంచి, ఆ పైన కర్ణాటక నుంచి వస్తాయి. చెరువు ఖాళీగా ఉన్న ఏడు ఎంత వాన పడ్డా దాని కడుపులో ఆగుతుంది. నిండి మత్తడి దుంకుతున్నప్పుడు మాత్రం పైనుంచి వచ్చిన నీరు వచ్చినట్టే కిందికి దిగుతుంది. ఆ ఏడు చవితి నాటికి చెరువు నిండే ఉంది.

మా నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేదట. ఆ తర్వాత మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. జిల్లాలు మారినా సంబంధాలు మారలేదు. ఇప్పటికీ మా పిల్లలను ఆ దిక్కు ఇస్తాం, ఆ దిక్కు నుంచి తెచ్చుకుంటాం. టీవీలో వాన కబురు జిల్లా పేరు చెప్పి ఆగిపోతుంది. మా కబురు ఆడబిడ్డ నోట సరిహద్దు దాటి వస్తుంది.

చవితికి పది రోజుల ముందే ఒక దెబ్బ పడింది. ఆగస్టు 17, 18 తేదీల్లో కురిసిన వానకు మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ముఖేడ్ తాలూకాలో ఊళ్లు మునిగాయి, మనుషులు పోయారు, మిలటరీ దిగింది. అది మాకు దూరమేమీ కాదు. మా చేలల్లో అప్పుడు మోకాలి లోతు బురద. రేగడి భూమి ఒకసారి తాగి కడుపు నింపుకుంటే మళ్లీ చుక్క పట్టదు. చవితి నాటి వాన పడ్డది అలాంటి నేల మీద.

అరగంట గడిచాక మా ఆయన చేను దిక్కు నుంచి పరుగున వచ్చాడు. "వాగు రంగు మారింది" అన్నాడు. మా దగ్గర వాగు పెరగడం కన్నా ముందు రంగు మారుతుంది. ఎర్రగా, నురగతో, పైనుంచి కొట్టుకొచ్చిన కట్టె పుల్లలతో వస్తుంది. అప్పుడు నాకు ఆడబిడ్డ మాట గుర్తొచ్చింది.

గణపతి మండపం దగ్గర పోరగాళ్లు పాటలు పెట్టుకుని ఉన్నారు. వాళ్ల దగ్గర మైకు తీసుకుని మా ఆయన చెప్పాడు: కింది వాడకట్టు వాళ్లంతా బడికి రావాలని. మా సర్కారు బడి ఊళ్లో ఎత్తయిన జాగలో ఉంటుంది. మొదట ఎవరూ కదలలేదు. పండుగ పూట ఎవరు కదులుతారు? పిల్లలే ముందు ఉరికారు, వాళ్లకు అదొక ఆట. పిల్లల వెనక తల్లులు వచ్చారు. పంచాయతీ ట్రాక్టర్ ట్రాలీలో ముసలివాళ్లను ఎక్కించాం. మా అత్త ఎక్కనన్నది. "నా పెండ్లి అయినప్పటి సంది ఈ వాగు జూస్తున్న, గడప ఎన్నడు దాటలేదు" అన్నది. చిన్నాయన కొడుకు ఏమీ అనకుండా ఆమెను ఎత్తి భుజాన వేసుకున్నాడు. తిట్టుకుంటూనే వచ్చింది.

ఏడు గంటలకు కరెంటు పోయింది. బడి వరండాలో అందరం చేరాక ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలియలేదు. చీకట్లో అందరూ మాట్లాడుతున్నారు, ఏడుస్తున్నారు. నేను మా మహిళా సంఘానికి లెక్కలు రాస్తాను. సంఘం పుస్తకాలున్న సంచి అలవాటు కొద్దీ చంకన వేసుకొచ్చాను. ఫోను వెలుగులో పుస్తకం తెరిచి, కిస్తు కట్టేవాళ్ల పేర్లు వరుసగా పిలిచాను. పేరు పలికిన ప్రతి ఆడమనిషినీ "మీ ఇంట్ల ఎంతమంది, అందరొచ్చిండ్రా?" అని అడిగాను. అట్లా ఇంటింటి లెక్క తేలింది. ఒకే ఒక్కరు తక్కువ. మా వెనకింటి తాత.

ఆయన సాయంత్రమే మోటారు స్టార్టర్ విప్పుకొస్తానని బావి దగ్గరికి పోయాడట. ఇంట్లో వాళ్లు ఆయన మాతో ఉన్నాడనుకున్నారు, మేం వాళ్లతో ఉన్నాడనుకున్నాం.

ఆ రాత్రి పోయే దారి లేదు. బడి మెట్ల కింద దాకా నీరు వచ్చింది. వాగు చప్పుడు నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను, కానీ ఆ చప్పుడు వేరు. లోపల రాళ్లు దొర్లుతున్నట్టు, దూరంగా లారీలు వరుసగా పోతున్నట్టు ఉంది. మధ్యలో ఎక్కడో గోడ కూలిన శబ్దం వినిపిస్తే ఎవరింటిదో అని అందరం నోరు మూసుకునేవాళ్లం. కొట్టంలో మా బర్రెను పలుపు కోసి వదిలేసి వచ్చాం. ఒకసారి అరిచినట్టు అనిపించింది. మళ్లీ వినపడలేదు.

తెల్లారాక నీరు కొంచెం తీసింది. ట్రాక్టర్ ట్యూబులో గాలి నింపి, మోకు కట్టుకుని నలుగురు పోరగాళ్లు పోయారు. తాత బావి గడ్డ మీది మోటారు గది పైకప్పు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో స్టార్టర్ డబ్బా ఉంది. చలికి దవడలు పట్టుకుపోయి మాట రాలేదు. బడిలోకి తెచ్చి, గోనె సంచులు కప్పి, చేతులు రుద్దాం. మాట వచ్చాక మొదట అడిగింది "డబ్బా తడిసిందా?" అని. అప్పుడు నవ్వొచ్చింది అందరికీ. ఆ నవ్వులోనే మా తోడికోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

పొద్దెక్కాక మొదట వచ్చిన తిండి ఎత్తు మీది తండా నుంచి. ఇద్దరు ఆడవాళ్లు నెత్తిన గంపలతో బురదలో నడిచి వచ్చారు. గంప నిండా జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. తండాలో కూడా కరెంటు లేదు, పిండి ఆడించే దారి లేదు. ఇంటింటా ఉన్న పిండి పోగు చేసి చేశారని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం మండపం చందా డబ్బులతో బియ్యం కొని వండాం. గణపతి అక్కడే ఉన్నాడు, పాటలు మాత్రం పెట్టలేదు.

ఫోన్లలో సిగ్నల్ వచ్చాక తెలిసింది, మా పక్క కామారెడ్డి జిల్లా మాకన్నా ఘోరంగా మునిగిందని. అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసిందట. భిక్కనూరు, తలమడ్ల మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. ముందేడు సెప్టెంబర్‌లో ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు టీవీలో చూసి "పాపం" అనుకున్నాం. ఆ రోజు మమ్మల్ని చూసి ఎవరో అట్లా అనుకుని ఉంటారు.

ఇంట్లోకి పోగానే మా అత్త "బురద ఆరనియ్యకుండ్రి" అన్నది. ఆరితే రాయి అవుతుంది, పారలు వంగుతాయి. అందుకే వాగు నీరు ఇంకా వాకిట్లో ఉండగానే ఆ నీళ్లతోనే ఇల్లు కడిగాం. ఇంటికి ఇద్దరి చొప్పున బదులు పని పెట్టుకున్నాం: ఇవాళ మా ఇల్లు, రేపు మీ ఇల్లు. కలుపు తీతకు, కోతకు చేసుకునే బదులే ఇది, బురదకు చేస్తామని ఎన్నడూ అనుకోలేదు. మగదిక్కు లేని రెండిళ్లకు బదులు అడగకుండానే చేశాం.

కొన్ని మట్టి గోడలు నీళ్లలో నిలబడి, తర్వాత ఎండ కాసినప్పుడు కూలుతాయి. ఈ సంగతి నాకు తెలియదు, అత్తకు తెలుసు. మూడు రాత్రులు మమ్మల్ని ఇంట్లో పడుకోనివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం, మబ్బు తీసి ఎండ వచ్చాక, మా వంటింటి గోడ మెల్లగా కూర్చున్నట్టు కూలింది. లోపల ఎవరమూ లేము. వాగు సంగతిలో అత్త లెక్క తప్పింది, గోడ సంగతిలో తప్పలేదు.

ట్రంకు పెట్టెలోని పట్టా పాసుబుక్కు, రేషన్ కార్డు, పిల్లగాడి సర్టిఫికెట్లు ముద్దయ్యాయి. పాత పేపర్ల మధ్య పెట్టి, మీద ఇటుక పెట్టి ఆరబెట్టాం. ఆశా వర్కర్ వచ్చి బావిలో బ్లీచింగ్ పౌడర్ వేసింది, నీళ్లు కాచి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మా ఊళ్లో జ్వరాలు వచ్చాయి గానీ ప్రాణం పోలేదు. అది ఆమె తిరిగిన తిరుగుడే అనుకుంటాను.

బర్రె నాలుగో రోజు దొరికింది. కింద తుమ్మ చెట్లలో చిక్కుకుని ఉంది. చెవి బిళ్ల మీది నంబరు చూసి గుర్తుపట్టాం. ఎనభై వేలు పెట్టి కొన్న పాడి బర్రె. కేంద్రం లెక్కలో పాడి పశువుకు అప్పుడు 37,500, కానీ చచ్చినట్టు పశువుల డాక్టరు రాసివ్వాలి. మాది దొరికింది కాబట్టి రాసిచ్చారు. మా పక్కింటి వాళ్లది దొరకలేదు. వాళ్ల కొట్టంలో ఖాళీ పలుపు తప్ప చూపించడానికి ఏమీ లేదు.

పంట సర్వే తర్వాతి వారం జరిగింది. మాకు సొంతం రెండెకరాలు, కౌలుకు మూడు. సొంత చేనులో పెసర కోతకు వచ్చి ఉండె. ఎడతెగని వానకు కాయలోనే మొలకలు వచ్చాయి, అది కంటికి కనపడింది, రాసుకున్నారు. కౌలు వరి మీద ఇసుక మేట వేసింది. మేట మూడు అంగుళాలు దాటితే తీయడానికి హెక్టారుకు 18,000 అని లెక్క ఉందట. స్కేలు పెట్టి కొలిచారు, రాసుకున్నారు. పత్తి దగ్గరికి వచ్చేసరికి సర్వేకు వచ్చినతను "ఇది నిలబడే ఉంది కదమ్మా" అన్నాడు. నిజమే, నిలబడే ఉంది. మూడో వంతు పోతేనే నష్టం కింద లెక్క. కానీ నీళ్లలో వేరు కుళ్లిన పత్తి వెంటనే పడిపోదు. పదిహేను రోజులకు ఆకులు ఎర్రబడ్డాయి, నెలకు కట్టెలు మిగిలాయి. ప్యాకెట్ 901 రూపాయలకు కొన్న విత్తనం, దానికి పోసిన ఎరువు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. కంది కూడా అంతే, నిలబడి చచ్చింది.

రాసుకున్న దానికైనా, కేంద్రం లెక్కలో అప్పుడు వానకు పండే పంటకు హెక్టారుకు 8,500, నీటి కింద పంటకు 17,000. ఎకరం లెక్కన వరికి ఏడు వేలు కూడా కాదు. అదీ కౌలు భూమికి పట్టాదారు ఖాతాలో పడుతుంది. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లోనే చట్టం వచ్చిందని సంఘం మీటింగులో విన్నాను. ఆ కార్డు మా ఊళ్లో నేను ఎవరి చేతిలోనూ చూడలేదు. మా భూమి ఆసామి పట్నంలో ఉంటాడు. ఫోను చేస్తే "పైసలు పడితే సగం పంపుతా" అన్నాడు. ఇసుక తీసింది మేము. ఎత్తిపోసింది మేము. సగం మంచితనమే అనుకున్నాం.

ఆ ఏడు సంఘం కిస్తులు మూడు నెలలు ఆగాయి. ఎవరినీ ఎవరూ గట్టిగా అడగలేదు. దీపావళి దాటాక తండాలో ఒక అక్క ఒక పడ్డను మాకు పాలుకు ఇచ్చింది. మేపేది మేము, ఈనితే పాడి సగం సగం. "పైసలు ఇప్పుడు లేవక్కా" అంటే, "నేను అడిగిన్నా?" అన్నది.

ఇదంతా చెప్పాను. చెప్పనిది ఒకటి ఉంది.

సెప్టెంబర్‌లో ఒక రోజు సంఘం పని మీద మండలానికి పోతే, వాగు మీద మాకు కింద ఉన్న ఊరి ఆమె కలిసింది. మా సంఘంలాంటిదే వాళ్ల సంఘానికి ఆమె లెక్కలు రాస్తుంది. నెలనెలా పక్కపక్కన కూర్చుంటాం. నంబరు నా ఫోనులో ఉంది. వాళ్ల ఊళ్లో ఆ రాత్రి మనుషులు బతికారు గానీ కొట్టాల్లో కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయని చెప్పింది. పడుకున్న వాళ్లు నీరు మంచం తాకాక లేచారట. "మీకెట్ల తెలిసింది అక్కా ముందుగాల?" అని అడిగింది.

పైనుంచి ఫోను వచ్చిందని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. తల ఊపింది. బస్సు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

బడి వరండాలో కూర్చున్న ఆ రాత్రి నా ఫోనులో సగం పైన చార్జింగ్ ఉంది. కాసేపు సిగ్నల్ కూడా ఉంది. మా ఇంటి తలలు లెక్కపెట్టుకున్నాను, మా వాడకట్టు తలలు లెక్కపెట్టాను. నీరు మా దగ్గర ఆగదని నాకు తెలియదా? మా బర్రె పోయింది ఎటు?

ఇప్పుడు సంఘం పుస్తకం చివరి పేజీలో ఒక వరుస రాసిపెట్టుకున్నాను. మొదట పై ఊళ్లో మా ఆడబిడ్డ నంబరు, పక్కన ఇంకో రెండిళ్ల నంబర్లు, ఒకరిది కలవకపోతే ఇంకొకరికి. తర్వాత మా ఊళ్లో నడవలేని వాళ్ల పేర్లు, ఎవరిని ఎవరు ఎత్తుకోవాలో. మా అత్త పేరు పక్కన చిన్నాయన కొడుకు పేరు. వెనకింటి తాత పేరు పక్కన 'స్టార్టర్ ముందే విప్పాలి' అని రాశాను, ఆయనే రాయించాడు. అన్నిటికన్నా కింద రెండు నంబర్లున్నాయి, వాగు దిగువ ఊళ్లవి. వాటి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను. పై నుంచి ఫోను వచ్చిన రోజు, కుడుముల బుట్ట ఉట్టి మీద పెట్టక ముందు, ఆ రెండింటికీ చెయ్యాలి.